బిళ్లగన్నేరు ఆకు నములుతున్నారా?

చెన్నూరు: గోదావరి ఒడ్డు ఊళ్లలో బిళ్లగన్నేరు లేని వాకిళ్లు తక్కువ. పూజకు పువ్వులు కోస్తారు. షుగరు తగ్గుతుందని కొందరు పరగడుపున ఆకు నములుతారు. కాన్సరు ఆస్పత్రుల్లో ఎక్కించే సూదిమందు పుట్టింది ఈ ఆకులోనే అని ఎంతమందికి తెలుసు?

షుగరు మందు కోసమే కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆకును పరీక్షించారు. ఎలుకల నెత్తురులో చక్కెర తగ్గలేదు గాని తెల్లకణాలు పడిపోయాయి. ఆ దారిలో 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడింది. తరువాత వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల రక్త కాన్సరుకు నేటికీ వాడుతున్నారు.

మన జీవకణాల్లో సూక్ష్మనాళికలనే గొట్టాలుంటాయి. ట్యూబులిన్ అనే మాంసకృత్తు బిళ్లలు సాధారణంగా 13 వరుసలుగా పేరుకుంటే ఒక గొట్టం. వెంట్రుక మందంలో ఇవి రెండు మూడు వేలు పడతాయి! పెరుగుతుంటాయి, అంతలోనే విడిపోతుంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరిసగం పంచేవి ఇవే. బిళ్లగన్నేరు మందు గొట్టం కొసకు అతుక్కుని కట్టడాన్ని ఆపుతుంది. కాన్సరు కణం చీలలేక చస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ కట్టడాన్ని అదుపు చేసే మేస్త్రీలు వేరే ఉన్నాయి. అవీ మాంసకృత్తులే. కటానిన్ గొట్టాన్ని తెంచుతుంది. 1975లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో కనుగొన్న టావ్, పందిరి గుంజలకు కట్టిన తాడులా గొట్టాన్ని పట్టి ఉంచుతుంది. నడుము నుంచి కాలివేలి దాకా మీటరు పొడవు సాగే నరానికి సరుకు మోసే బాట ఈ గొట్టాలే. పట్టు సడలాలంటే కణం టావ్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. మన డి.ఏ.పి. బస్తాలో ఉండే భాస్వరమే అందులోనూ ఉంది. అది మితిమీరితే టావ్ ఊడి చిక్కులు పడుతుంది. ఆల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు వచ్చినవారి మెదడులో కనిపించేవి ఈ చిక్కులే.

విన్‌క్రిస్టిన్ నరాల గొట్టాలనూ వదలదు. చేతులు, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అందుకే పెద్దలకు సాధారణంగా విడతకు 2 మిల్లీగ్రాములు మించనివ్వరు. టన్ను ఎండాకులో ఈ మందు కొద్ది గ్రాములే ఉంటుంది, నిజమే. కాని ఆకులో వందకు పైగా ఇతర ఆల్కలాయిడ్లున్నాయి. నమిలే ఆకుకు కొలత ఎక్కడిది? షుగరు మాత్రలు వేసుకునేవారు ఆకు సంగతి డాక్టరుకు చెప్పాలి. గర్భిణులు నోట పెట్టుకోరాదు.