మనసు బరువు దిగిన పిదప మేని యలసట

సోదరీమణులారా! ఇంటిపని యంతయు ముగించి నడుము వాల్చిన స్త్రీని చూచి "పాపము, అలసినది" అనువారు కలరు. కాని, ఒకచోట కదలక కూర్చుండి, లోపలి దుఃఖమును తలచుకొని, కన్నీరు విడిచి లేచిన స్త్రీ నీరసించినచో, "ఏమి చేసితివని యింత యలసట?" అని యడుగువారే యెక్కువ. ఆ ప్రశ్నకు తగిన సమాధానము కలదని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇటీవల చేతిఫోనుల మూలమున మన యిండ్లలోనికిని వచ్చిన యొక మానసోపశమన పద్ధతి కలదు. దానిని "ట్యాపింగు" అనియు, "ఈ.ఎఫ్.టీ." అనియు వ్యవహరింతురు. దాని పుట్టినిల్లు అమెరికా దేశము. కాలిఫోర్నియాలో రోజర్ కాలహన్ అను మనస్తత్త్వవేత్త, చీనా వైద్యమునందలి నాడీమార్గముల భావనను ఆధారముగా గొని, దేహముపై కొన్నిచోట్ల తట్టినచో భయములు తొలగునని 1980 తరువాతి సంవత్సరములలో ప్రచారము చేసెను. ఆయనయొద్ద నేర్చిన ఇంజనీరు గేరీ క్రెయిగ్ 1990 తరువాతి దశకమున ఆ పద్ధతిని సులభపఱచి, దానికి ఈ.ఎఫ్.టీ. అని పేరిడెను.

చేయు విధానమిది. మొదట మనసును బాధించు విషయమొకదానిని తలచుకొని, ఆ బాధ సున్న మొదలు పదివరకు గల కొలతలో ఎంత యున్నదో నిర్ణయించుకొనవలెను. పిమ్మట అరచేతి యంచున, చిటికెనవ్రేలి వైపున తట్టుచు, ఈ బాధ యున్నను తన్ను తాను అంగీకరించుచున్నట్లు పలుకవలెను. తరువాత కనుబొమ్మ మొదట, కంటిప్రక్క, కంటిక్రింద, ముక్కుక్రింద, గడ్డముమీద, మెడక్రింది యెముక మొదట, చంకక్రింద, నడినెత్తిన వ్రేలికొనలతో కొన్ని మారులు తట్టుచు ఆ బాధనే స్మరింపవలెను. ఒక వరుస ముగిసిన పిదప బాధను మరల కొలిచి చూచుకొందురు.

ఇట్లు చేసిన పిమ్మట కొందఱకు మనసు తేలికపడును గాని శరీరము బరువెక్కును. ఆవులింతలు వచ్చును. కన్నులు మూతపడును. కొందఱు మఱునాటి వరకును మందముగ నుందురు. తమకేదో కీడు జరిగినదని భయపడువారును కలరు.

కారణము దూరమున వెదకనక్కఱలేదు. కురుక్షేత్రమున అర్జునుడు ఒక్క బాణమైనను విడువకమునుపే విల్లు జాఱవిడిచి రథమున కూలబడలేదా? ఆతని నలయించినది యుద్ధము కాదు, తలపు. భయమో కోపమో జ్ఞప్తికి వచ్చినపుడు, అది గడచిన సంగతియే యైనను, శరీరము ఇప్పుడే జరుగుచున్నట్లు సన్నద్ధమగును. అడ్రినలిన్ రక్తమున కలియును, గుండె వడిగ కొట్టుకొనును, కండరములు బిగియును. ఆ యుద్రేకము శాంతించినపుడు, విశ్రాంతిని కలిగించు నాడీమండలము పైచేయి యగును, బిగిసినదంతయు సడలును. ఆ సడలుటయే మనకు నీరసముగ తోచును. ఏడ్చినచో ఱొమ్ముకండరములును, ఊపిరియు పడిన శ్రమ దానికి తోడగును.

దుఃఖమును దాచుటయు నొక చాకిరియే. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1993లో ప్రకటించిన పరీక్షలో, రోత పుట్టించు చలనచిత్రమును చూచుచు ముఖమున నేమియు కనబడనీయని వారికి, చర్మపు చెమ్మ మొదలగు లోపలి యుద్రేక చిహ్నములు హెచ్చినవి. ఏండ్ల తరబడి నగుమోముతో వంట వడ్డించుచు లోలోన కుములు నిల్లాలు ఎంత చాకిరి చేసియుండునో ఊహింపుడు! పట్టు సడలిన దినమున పాత యలసటయు, పాత నిద్రలేమియు పైకి వచ్చుట వింత కాదు.

అయితే ఒక హెచ్చరిక. ఈ యలసటను చూపి "విషములు వెడలుచున్నవి", "శక్తిమార్గములు తెఱచుకొన్నవి" అని చెప్పువారు కలరు. అందులకు నిదర్శనము లేదు. కెనడాలో వెండీ వెయిట్, మార్క్ హోల్డర్ అనువారు 2003లో ప్రకటించిన పరిశోధనలో, కొందఱు విధించిన చోట్లను, కొందఱు చేతిపై వేఱుచోట్లను, కొందఱు ఒక బొమ్మను తట్టిరి. మూడు తెగల వారికిని భయము తగ్గెను. తట్టక ఊరక బొమ్మ చేయుచు కూర్చున్న వారికి తగ్గలేదు. కనుక మేలు కలిగినచో, అది ఫలానా చోటి మహిమవలన గాక, బాధను నిదానముగ ఎదుర్కొనుటవలన కలిగినదని మా తలంపు. అలసట యెక్కువైనచో మేలెక్కువ యనుకొనుటయు, అలసట రానిచో ఫలింపలేదనుకొనుటయు రెండును పొరపాట్లే.

మా యెఱిగిన యొక కోడలు, తల్లి పోయిన దుఃఖమును తలచుకొని యిట్లు చేసి, చాపమీద ఒరిగి నిద్రపోయినది. "దీపాలవేళ పడకేమిటమ్మా!" అని యత్తగారు గద్దించిరి. ఆ పిల్ల లేచి, కన్నులు తుడుచుకొని, పొయ్యి వెలిగించినది. అత్తగారు చెడ్డవారు కారు; జ్వరము వచ్చియుండినచో తామే గంజి కాచి యిచ్చెడివారు. కంటికి కనబడని శ్రమను శ్రమగా నెంచుట మనకింకను అలవడలేదు.

కావున, ఈ సాధన చేయదలచినవారు పని తెమలిన వేళను ఎంచుకొనుడు. ఒక నాటికి ఒక్క బాధను మాత్రమే చేపట్టుడు. లేచిన పిదప నీరో మజ్జిగయో త్రాగి, ఏదైన తిని, కొంతసేపు పరుండుడు. మగతగ నున్నంతవఱకు బండి నడపవద్దు. సలసల కాగు నూనెయొద్ద నిలువవద్దు. ఇంటివారు ఆ పూట వంట తమ చేతి మీదికి తీసికొన్నచో అదియే గొప్ప చికిత్స.

రెండుమూడు దినములైనను అలసట తీఱక, ఆయాసము, తలత్రిప్పుట, గుండెదడ, అధిక ఋతుస్రావము ఉన్నచో ట్యాపింగుపై నెపమువేసి యూరకుండరాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. థైరాయిడ్ లోపమును అలసటగనే మొదట కనబడవచ్చును. వైద్యుని చూచి రక్తపరీక్ష చేయించుకొనుడు.

మఱియు బిడ్డను పోగొట్టుకొన్న శోకము, దెబ్బలు తిన్న జ్ఞాపకము వంటి లోతైన గాయములను ఒంటరిగ కెలకరాదు. శిక్షణ గల మానసిక వైద్యుల తోడు కావలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలీ-మానస్ సేవకు 14416 అను సంఖ్యతో వెల లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.

సోదరీమణులారా! బిందె మోసిన భుజమునకు నొప్పి కలుగుట సహజమని మనమెఱుగుదుము. దుఃఖము మోసిన హృదయమును అట్టిదే. ఈసారి మీ యింట కోడలో, కూతురో, అత్తగారో కన్నులు వాచి మౌనముగ పరుండినచో, కారణ మడుగకయే తలుపు దగ్గఱగా వేసి, అన్నము మూతపెట్టి యుంచుడు.