ఊరి కుక్క, రిడ్జి నక్క

ఢిల్లీలో వసంత్ కుంజ్, మెహ్రౌలీ, సాకేత్ వైపు గాని, గురుగ్రామ్ - ఫరీదాబాద్ రోడ్డు చుట్టుపక్కల గాని మీరు ఉంటున్నట్లయితే, పొద్దు గూకిన తరువాత ఒక శబ్దం ఎప్పుడో ఒకసారి వినే ఉంటారు. ముందు ఒక్క గొంతు సన్నగా లేస్తుంది. దానికి రెండు మూడు గొంతులు తోడవుతాయి. కాసేపట్లోనే ఆగిపోతుంది. ఆ వెంటనే కాలనీలోని కుక్కలన్నీ మొరగడం మొదలు పెడతాయి. పల్లెలో పెరిగిన వారికి వేరే చెప్పనక్కరలేదు, అది నక్కల కూత. అంబులెన్సు సైరను వినిపించినా కొన్నిసార్లు అవి బదులు పలుకుతాయి.

ఇంట్లో కుక్కను పెంచుకుంటున్న వారికి అప్పుడొక సందేహం వస్తుంది. ఈ నక్కల వల్ల మా కుక్కకు ప్రమాదమా? ఈ ప్రసంగంలో మనం తీసుకున్న విషయం ఇదే.

జవాబు కోసం వెతికితే ముందుగా దొరికేది అమెరికా సమాచారం. అక్కడ మన నక్క స్థానంలో ఉండే జంతువు పేరు కయోటీ. తోడేళ్ళను మనుషులు చాలాచోట్ల తుడిచిపెట్టిన తరువాత కయోటీలు ఖండమంతా వ్యాపించాయి. చికాగో వంటి మహానగరంలో కూడా ఉన్నాయి. అక్కడ 2000 నుంచి శాస్త్రవేత్తలు వాటి మెడకు రేడియో పట్టీలు కట్టి, రాత్రిళ్ళు ఎక్కడ తిరుగుతున్నాయో గమనిస్తూ వచ్చారు. కయోటీ 10 నుంచి 18 కిలోల వరకు తూగుతుంది. పెరట్లో వదిలిన చిన్న కుక్కను పట్టుకుపోయే శక్తి దానికుంది. అందుకే అక్కడి సలహాలన్నీ 'కయోటీ నుంచి కుక్కను కాపాడుకోవడం ఎలా' అన్న చోట మొదలవుతాయి.

ఆ సలహాలను అలాగే తెచ్చి ఢిల్లీకి అతికిస్తే సగం విషయం తలకిందులవుతుంది. ఎందుకో చూద్దాం.

కుక్కకూ నక్కకూ చుట్టరికం

మన నక్క శాస్త్రీయ నామం కానిస్ ఆరియస్. కుక్క, తోడేలు, కయోటీ కూడా కానిస్ ప్రజాతికి చెందినవే. వీటన్నిటికీ కణంలో 78 క్రోమోజోములు ఉంటాయి. కుక్కకూ నక్కకూ సంకరం కలిగే అవకాశం కూడా ఉంది. క్రొయేషియాలో దొరికిన అలాంటి జంతువులను 2015లో జన్యు పరీక్షలతో నిర్ధారించారు. అదే సంవత్సరం ఇంకో సంగతి తేలింది. ఆఫ్రికాలో ఉన్నదీ మన దగ్గర ఉన్నదీ ఒకే నక్క అని అంతవరకూ అనుకునేవారు. ఆఫ్రికా జంతువు నిజానికి తోడేలుకూ కయోటీకీ దగ్గరి బంధువనీ, అది వేరే జాతి అనీ జన్యువులు చెప్పాయి. మన నక్క మాత్రం నక్కగానే మిగిలింది.

మరో చిన్న మాట. ఎర్రటి ఒళ్ళూ తెల్లటి తోక కొసా ఉన్నట్టు పిల్లల పుస్తకాల్లో గీసే నక్క యూరప్ కథల్లోంచి వచ్చింది. అది వేరే ప్రజాతి జంతువు. మన నక్క ఒళ్ళు గోధుమ, బూడిద రంగులు కలిసినట్టుంటుంది. మూతి సన్నన. తోక గుబురుగా కిందికి వేలాడుతూ కొసన నల్లగా ఉంటుంది. ఊరకుక్క తోకలాగా అది పైకి మెలి తిరగదు. మసక చీకట్లో రెంటినీ తేడా పట్టడానికి తోకను మించిన గుర్తు లేదు.

ఈ చుట్టరికం గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. దగ్గరి బంధువుల మధ్య జబ్బులు సులువుగా దాటుతాయి. ఆ సంగతికి వద్దాం. ముందు ఈ జంతువు ఢిల్లీలో ఎక్కడుంటుందో తెలుసుకోవాలి.

గుజరాత్ నుంచి రాజస్థాన్, హర్యానాల మీదుగా వచ్చే అరావళీ కొండల ఉత్తరపు కొస ఢిల్లీలో ముగుస్తుంది. దాన్నే రిడ్జి అంటారు. నాలుగు ముక్కలుగా మిగిలిన ఈ అడవి మొత్తం సుమారు 7,777 హెక్టార్లు. విశ్వవిద్యాలయం పక్కనున్న ఉత్తర రిడ్జి 87 హెక్టార్లకు మించదు. దక్షిణాన 32 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అసోలా-భట్టీ అభయారణ్యం ఉంది. అందులో కొంత భాగం ఒకప్పటి గనుల నేల. ఈ అడవిలో ఎక్కువగా కనిపించే చెట్టు మన ఊళ్ళలో సర్కారు తుమ్మ అని పిలిచేదే. బ్రిటిషువారి కాలంలో తెచ్చి నాటిన ఈ చెట్టును ఇక్కడ విలాయతీ కీకర్ అంటారు. దాని పొదల కింద నక్కలు పగలు గడుపుతాయి. చీకటి పడ్డాక బయటికి వచ్చి ఎలుకలు, పురుగులు, రేగుపండ్లు, చచ్చిన జంతువులు, మనం పారేసిన అన్నం, దొరికిందల్లా తింటాయి. సంజయ్ వన్‌లోనూ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఆవరణలోనూ అవి ఉండడానికి కారణం, ఆ చోట్లన్నీ రిడ్జి కొనసాగింపే కావడం.

ఎవరికి ఎవరంటే భయం

పంచతంత్రంలో నీలిరంగు నక్క కథ మీరు చిన్నప్పుడు వినే ఉంటారు. నక్క రాజైన భాగం అందరికీ గుర్తుంటుంది. ఆ కథ ఎలా మొదలైందో చాలామంది మరిచిపోతారు. ఆకలితో ఊళ్ళోకి వచ్చిన నక్కను ఊరకుక్కలు తరిమితే, ప్రాణభయంతో పరుగెత్తి అది నీలిమందు తొట్టిలో పడింది. ఆ కథ చెప్పినవారు ఎవరోగాని, ఊరి అంచున ఏం జరుగుతుందో బాగా చూసినవారు.

మన నక్క బరువు సుమారు 8 నుంచి 10 కిలోలు. ఢిల్లీ వీధికుక్క 15, 20 కిలోలు ఉంటుంది, పైగా గుంపుగా తిరుగుతుంది. నక్క సాధారణంగా జంటగానో, పిల్లలతో చిన్న కుటుంబంగానో ఉంటుంది. ఎదురుపడితే పారిపోయేది నక్కే. పారిపోలేకపోతే చచ్చేదీ నక్కే. కుక్కల గుంపులు పొదల్లోకి చొరబడి పిల్లలను చంపుతాయి, తిండి దగ్గరికి రానివ్వవు. అమెరికాలో ఇంటాయన కయోటీకి భయపడి కుక్కను లోపల కట్టేసుకుంటాడు. ఇక్కడ కుక్కలకు భయపడి నక్క పొద వదలదు.

కుక్కలకు ఇంత బలం ఎక్కడిది? చెత్త కుప్పల నుంచి. గురుగ్రామ్, ఫరీదాబాద్ నగరాల చెత్తను ఏళ్ళ తరబడి అరావళీ కొండల్లోనే బంధ్‌వాడీ వద్ద గుట్టగా పోశారు. అడవి మధ్యలో అన్నపు రాశి పెడితే దాని చుట్టూ కుక్కలు చేరక మానవు. దీనికి పాత కారణం ఇంకొకటి తోడైంది. చచ్చిన పశువులను తినే రాబందులు 1990ల నుంచి కూలిపోయాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వాటి మూత్రపిండాలను పాడు చేసింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించేసరికే నష్టం జరిగిపోయింది. రాబందులు వదిలిన కళేబరాలు కుక్కల పాలయ్యాయి.

పెంపుడు కుక్కకు నిజంగా భయపడవలసిన జంతువు వేరే ఉంది, చిరుత. అసోలా-భట్టీలోను, ఆనుకుని ఉన్న హర్యానా అరావళిలోను చిరుతలున్నట్టు కెమెరాలు రుజువు చేశాయి. కుక్క అంటే చిరుతకు ఇష్టమైన ఆహారం. ముంబయి సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలోని చిరుతల ఆహారంలో దాదాపు 40 శాతం కుక్కలేనని 2018లో వెలువడిన ఒక వ్యాసం అంచనా వేసింది. కాబట్టి ఆ అంచున ఇల్లున్నవారు రాత్రి కుక్కను ఆరుబయట గొలుసుతో కట్టెయ్యకూడదు. కట్టిన కుక్క పారిపోనూ లేదు.

మధ్యలో తిరిగే వైరస్

ఇక అసలు విషయం. రేబిస్ అంటే మనకు 'పిచ్చికుక్క కాటు' అని తెలుసు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల నుంచే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ ఆ వైరస్ కుక్క దగ్గరే ఆగదు. అమెరికాలోని దక్షిణ టెక్సస్‌లో 1988లో జరిగినదాన్ని గమనించండి. కుక్కల్లో తిరిగే రేబిస్ వైరస్ రకం కయోటీల్లోకి దాటింది. వాటి మధ్య వ్యాపించి, తిరిగి పెంపుడు కుక్కల్లోకి వచ్చింది. 1995లో అక్కడి ప్రభుత్వం టీకామందు దాచిన ఎరలను విమానాల నుంచి పొదల మీద చల్లడం మొదలు పెట్టింది. కుక్కల రకం రేబిస్ తమ దేశంలో లేదని అమెరికా ప్రకటించగలిగింది 2007లో. (ఎర టీకా ఆలోచన అమెరికాది కాదు. స్విట్జర్లాండ్‌లో 1978లోనే కోడితలల్లో టీకా పెట్టి అక్కడి ఎర్రనక్కలకు వేశారు.) కుక్కలకు టీకా వేయించడంలో జరిగిన లోపానికి అడవి జంతువులకు విమానంలో మందు చల్లవలసి వచ్చిందన్నమాట.

మన దేశంలోనూ ఇది ఊహ కాదు. 2024లో ముంబయిలో కొన్ని నక్కలకు రేబిస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది.

రేబిస్ ఒక్కటే కూడా కాదు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సుమారు వెయ్యి సింహాలను, అంటే అక్కడి సింహాల్లో మూడోవంతును చంపింది. చుట్టుపక్కల పల్లెల కుక్కల్లో ఆ వైరస్ ఉండేది. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు బయటపడినదీ ఆ వైరసే. సింహం చస్తే వార్త అవుతుంది. పొదలో నక్క చస్తే ఎవరికి తెలుస్తుంది? గజ్జి కూడా ఇలాగే దాటుతుంది. వెంట్రుకలు రాలి, చర్మం బిరుసెక్కిన నక్కను చూసి వింత మృగం వచ్చిందని జనం హడలిపోతుంటారు. అది చాలావరకు చర్మంలో దూరిన ఒక చిన్న పురుగు పని.

మీ కుక్కకూ రిడ్జి నక్కకూ మధ్య ఉన్న సంబంధం ఇదీ. అవి ఎదురుపడకపోయినా వీధికుక్క ద్వారా, చెత్తకుప్ప ద్వారా వైరస్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

మీరు చేయగలిగింది

మీ కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపర్, పార్వో టీకాలు మొదలు పెట్టించండి. వైద్యుడు చెప్పిన విడతలన్నీ పూర్తి చేయించాలి. ఒక్క సూదితో సరిపోయిందని మానేసేవారు చాలామంది ఉన్నారు. మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత ఏటేటా మళ్ళీ. ఢిల్లీ నగరపాలక సంస్థ చట్టం (1957) ప్రకారం పెంపుడు కుక్కను నమోదు చేయించడం తప్పనిసరి. కాలనీలో వీధికుక్కలకు అన్నం పెట్టేవారికీ ఒక మాట. అన్నంతో పాటు టీకా కూడా అందేలా చూడండి. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుంది. మిగిలిన అన్నాన్ని రిడ్జి గోడవతల పారబోయడం పుణ్యకార్యమేమీ కాదు. అది కుక్కలను అడవిలోకి పిలవడమే అవుతుంది.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమంది. అదే నెల 22న, రేబిస్ అనుమానం ఉన్నవీ దుడుకువీ తప్ప మిగిలిన వాటికి ఆపరేషను, టీకా చేసి పట్టిన చోటే వదలమని ఆ ఉత్తర్వును సవరించింది. అప్పుడు ఇరుపక్షాలా ఎంతో వాదన జరిగింది. కానీ ఆ 'పట్టిన చోటు' అడవి అంచు అయినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు దక్కవలసిన శ్రద్ధ దక్కలేదని నా అభిప్రాయం.

రిడ్జి దగ్గర కుక్కను నడిపించేటప్పుడు తాడు విప్పకండి, అది ఎంత బుద్ధిమంతురాలైనా సరే. పొదలో నక్క పిల్లలుంటే తల్లి ఎదురు తిరుగుతుంది. అప్పుడది కరిస్తే తప్పు దానిది కాదు. కరిచిందని అనుమానం వస్తే, చేతికి తొడుగు వేసుకుని కుక్క గాయాన్ని సబ్బునీళ్ళతో కడిగి, పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ముందే టీకా పడి ఉన్నా మళ్ళీ వేయించాల్సి ఉంటుంది.

మనిషిని కరిస్తే ఆలస్యం పనికిరాదు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు ఏవీ పెట్టకూడదు. కుక్క కరిచినప్పుడు దాన్ని పది రోజులు గమనించమనే మాట మీరు విని ఉంటారు. ఆ లెక్క కుక్కకూ పిల్లికీ మాత్రమే. నక్క విషయంలో గమనిస్తూ కూర్చోకూడదు. గాయం చిన్నదైనా తీవ్రమైనదిగానే భావించి, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చి, టీకా మొదలు పెడతారు. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, ఆపైన 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. బొడ్డు చుట్టూ 14 సూదులన్న పాత భయంతో ఇంకా కొందరు ఆసుపత్రికి వెళ్ళరు. గొర్రె మెదడుతో తయారైన ఆ టీకా మన దేశంలో 2004 చివరితో ఆగిపోయింది.

ఇక నక్క మీ వీధిలోకే వస్తే? రాత్రి దూరంగా నడిచిపోతుంటే దాన్ని పోనివ్వండి, అది దాని దారి. పట్టపగలు తూలుతూ, మనుషులను చూసి బెదరకుండా, ఎదురొచ్చినదాన్నల్లా కరవబోతుంటే పిల్లలనూ కుక్కలనూ లోపలికి తీసుకుని అటవీ శాఖకు కబురు చేయాలి. గ్యారేజీలోనో మురుగు కాలువలోనో చిక్కుకున్నదైతే కర్రలతో చుట్టుముట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోంది. పట్టడం, చంపడం, పిల్లలను తెచ్చి పెంచడం, అదృష్టం వస్తుందని 'నక్క కొమ్ము' కొనడం, అన్నీ నేరాలే. కుక్కలను కట్టేసి, ఒక తలుపు తెరిచి ఉంచి, దీపాలు ఆర్పి, జనాన్ని దూరంగా జరపండి. చాలాసార్లు తెల్లవారేలోగా అదే వెళ్ళిపోతుంది.