సైబర్ ముప్పు – సంస్థాధిపతుల బాధ్యత: బంగ్లాదేశ్ బ్యాంకు ఉదంతం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

సైబర్ దాడిలో కలిగే నష్టం చొరబాటుదారుల సాంకేతిక నైపుణ్యం మీదనే ఆధారపడదు. దాడికి ముందు సంస్థాధిపతులు తీసుకున్న నిర్ణయాలు, దాడి తరువాత తొలి గంటల్లో వారు స్పందించిన తీరు కూడా నష్టం పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. 2016లో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకులో జరిగిన చోరీని ప్రధాన ఉదాహరణగా గ్రహించి, హైదరాబాదు, ఢిల్లీలలోని రెండు ఉదంతాలను దానితో పోల్చి, ప్రభుత్వాధికారులు, వ్యాపారసంస్థల అధిపతులు ఆచరించదగిన పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సైబర్ భద్రత, ఫిషింగ్, రాన్సమ్‌వేర్, బంగ్లాదేశ్ బ్యాంకు, సెర్ట్-ఇన్, పరిపాలన, తెలుగు.

1. ఉపోద్ఘాతం:

ఒకప్పుడు కార్యాలయ దస్త్రాలు బీరువాలో తాళం కింద ఉండేవి. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కార్యాలయాధికారికి తెలిసేది. నేడు అవే దస్త్రాలు సర్వర్లలోకి చేరాయి. వాటి తాళంచెవులు పాస్‌వర్డుల రూపంలో ఎంతమంది చేతుల్లో ఉన్నాయో, ఉద్యోగం మానినవారి దగ్గర ఎన్ని మిగిలిపోయాయో చెప్పగలిగిన అధిపతులు తక్కువ. “ఆ సంగతి కంప్యూటర్ విభాగంవారు చూసుకుంటారు” అన్న సమాధానమే తరచుగా వినిపిస్తుంది.

ఖజానాకు కాపలాదారు ఉన్నంతమాత్రాన ఖజానా బాధ్యత కాపలాదారుది మాత్రమే కాదు. ఎవరిని లోపలికి పంపాలి, ఎంత మొత్తానికి ఎవరి సంతకం కావాలి, దొంగతనం జరిగితే మొదట ఎవరికి చెప్పాలి అన్నవి పరిపాలనా నిర్ణయాలు. సైబర్ భద్రతకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ముప్పుల స్వరూపం:

సంస్థలకు ఎదురయ్యే సైబర్ ముప్పులను స్థూలంగా నాలుగు విధాలుగా పేర్కొనవచ్చు.

2.1 ఫిషింగ్: నమ్మదగినవారి పేరుతో ఈమెయిల్ గాని, సందేశం గాని పంపి, అందులోని లంకెను నొక్కించడం, జతచేసిన పత్రాన్ని తెరిపించడం దీని పద్ధతి. ఎన్నో పెద్ద దాడులకు ఇదే తొలి ద్వారం.

2.2 రాన్సమ్‌వేర్: సంస్థ సమాచారాన్ని ఎవరూ చదవలేని గుప్తరూపంలోకి మార్చి, తిరిగి తెరవడానికి సొమ్ము అడగడం. సొమ్ము చెల్లించినా సమాచారం దక్కుతుందన్న హామీ ఏదీ లేదు.

2.3 సరఫరాదారుల ద్వారా వచ్చే ముప్పు: 2017 జూన్ 27న నోట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రాము ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ తాజాకరణ ద్వారా వ్యాపించింది. దానివల్ల డెన్మార్క్‌కు చెందిన నౌకారవాణా సంస్థ మెర్స్క్‌కు 25 నుంచి 30 కోట్ల డాలర్ల దాకా నష్టం వాటిల్లింది. మన ఇంటి తలుపు గట్టిగా ఉన్నా, పక్కింటివారికి ఇచ్చిన తాళంచెవి ప్రమాదకరం కావచ్చునని ఈ ఘటన తెలుపుతుంది.

2.4 అధిపతుల వేషధారణ: పై అధికారి పేరుతో “వెంటనే సొమ్ము పంపండి” అని ఆదేశించడం. 2024లో వెలుగుచూసిన హాంకాంగ్ ఉదంతంలో అరూప్ అనే ఇంజనీరింగ్ సంస్థ ఉద్యోగి ఒకరు వీడియో సమావేశంలో తన పైఅధికారులను చూసి, వారి మాటలు విని సుమారు రెండున్నర కోట్ల డాలర్లు బదిలీ చేశారు. ఆ సమావేశంలో కనిపించిన అధికారులు కృత్రిమ మేధతో సృష్టించిన డీప్‌ఫేక్ రూపాలు. కంటితో చూసినదీ చెవితో విన్నదీ రుజువుగా చాలని కాలం వచ్చిందని దీనినిబట్టి గ్రహించవచ్చు.

3. బంగ్లాదేశ్ బ్యాంకు ఉదంతం:

3.1 చొరబాటు: 2015 జనవరిలో ఒక ఉద్యోగార్థి పేరుతో బంగ్లాదేశ్ బ్యాంకు ఉద్యోగులకు మర్యాదపూర్వకమైన ఈమెయిళ్ళు వచ్చాయి. అందులోని లంకె ద్వారా బయోడేటా చూడమని కోరారు. దానిని తెరిచిన కంప్యూటర్ల ద్వారా హానికర ప్రోగ్రాము లోపలికి ప్రవేశించింది. చొరబాటుదారులు దాదాపు ఒక సంవత్సరం పాటు బ్యాంకు వ్యవస్థలో తిరుగుతూ, అంతర్జాతీయ చెల్లింపుల సందేశాలకు వాడే స్విఫ్ట్ వ్యవస్థ ఎలా నడుస్తున్నదో గమనించారు. బ్యాంకులో ఫైర్‌వాల్ లేదనీ, పది డాలర్లు విలువచేసే పాత స్విచ్‌లను వాడారనీ బంగ్లాదేశ్ పోలీసు దర్యాప్తు అధికారులు వెల్లడించారు. కోట్లాది డాలర్ల విదేశీ మారక నిల్వలను కాపాడవలసిన చోట ఇంత చిన్న ఖర్చుకు వెనుకాడటం సాంకేతిక వైఫల్యం కంటే ముందు పరిపాలనా వైఫల్యం.

3.2 సెలవుదినాల లెక్క: 2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి చోరీ మొదలైంది. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు సెలవు. ఫిలిప్పీన్స్‌లో ఫిబ్రవరి 8, సోమవారం చాంద్రమాన నూతన సంవత్సరం సెలవు. ఈ మూడు దేశాల సెలవులను కలిపి దొంగలు తమకు కావలసిన వ్యవధిని సంపాదించుకున్నారు.

న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకులోని బంగ్లాదేశ్ ఖాతా నుంచి మొత్తం 95.1 కోట్ల డాలర్లు బదిలీ చేయమంటూ 35 ఆదేశాలు వెళ్ళాయి. వాటిలో ఐదు అమలయ్యాయి. 8.1 కోట్ల డాలర్లు మనీలాలోని ఆర్‌సీబీసీ బ్యాంకు జూపిటర్ వీధి శాఖకు చేరాయి. శ్రీలంకలోని ఒక ఫౌండేషన్ పేరుకు మళ్ళించిన 2 కోట్ల డాలర్లు మాత్రం, ఆదేశంలో ‘ఫౌండేషన్’ అన్న పదం అక్షరదోషంతో ఉండటం వల్ల, అనుమానానికి గురై వెనక్కి వచ్చాయి. ‘జూపిటర్’ అన్న పేరు అమెరికా ఆంక్షల జాబితాలోని ఒక పేరుతో కలవడం వల్ల మిగిలిన ఆదేశాలు పరిశీలనకు నిలిచిపోయాయి. అంటే 85 కోట్ల డాలర్లను కాపాడినది బ్యాంకు ముందుచూపు కాదు, యాదృచ్ఛికంగా కలిసిన ఒక వీధి పేరు.

3.3 ఆగిన ప్రింటర్: స్విఫ్ట్ సందేశాలను ఎప్పటికప్పుడు కాగితంపై ముద్రించే ప్రింటర్ ఒకటి బ్యాంకులో ఉండేది. శుక్రవారం ఉదయం అది పనిచేయడం లేదని సిబ్బంది గమనించారు. ప్రింటర్ మొరాయించడం మామూలే కదా అనుకున్నారు. నిజానికి చోరీ జాడ కాగితం మీదికి రాకుండా దొంగలే దాన్ని ఆపారు. అది తిరిగి పనిచేసిన తరువాత న్యూయార్క్ నుంచి వచ్చిన ప్రశ్నలు బయటపడ్డాయి. సమాధానం చెప్పబోతే అక్కడ వారాంతపు సెలవు. సొమ్ము ఆపమన్న అభ్యర్థన మనీలాకు చేరినప్పుడు అక్కడ పండుగ సెలవు. 9వ తేదీన శాఖ తెరిచిన తరువాత కూడా ఖాతాల నుంచి సొమ్ము తరలిపోయింది. అప్పటి ఫిలిప్పీన్స్ చట్టంలో అక్రమార్జన నిరోధక నిబంధనలు జూదశాలలకు వర్తించేవి కావు. సొమ్ములో అధికభాగం ఆ మార్గంలో జాడలేకుండా పోయింది. సుమారు కోటిన్నర డాలర్లు మాత్రమే తిరిగి దక్కాయి.

3.4 మౌనం: ఈ ఉదంతంలో అత్యంత విచారింపదగిన అంశం చోరీ తరువాతి కాలానికి చెందినది. సొమ్ము తిరిగి వస్తుందన్న ఆశతో బ్యాంకు యాజమాన్యం విషయాన్ని ప్రజలకే గాక ప్రభుత్వానికి కూడా వెంటనే తెలియజేయలేదు. దాదాపు నెల గడిచాక పత్రికల ద్వారా తెలిసిందని ఆర్థికమంత్రి బహిరంగంగానే ఆక్షేపించారు. 2016 మార్చి 15న గవర్నర్ అతియుర్ రెహమాన్ రాజీనామా చేశారు. ఆయన పదవి కోల్పోవడానికి చోరీ ఎంత కారణమో, ఆ మౌనం కూడా అంతే కారణమని చెప్పవచ్చు.

4. హైదరాబాదు, ఢిల్లీ ఉదంతాలు:

బంగ్లాదేశ్‌లో కనిపించిన లోపాలు మన దగ్గరా ఉన్నాయి. 2022 జనవరిలో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ మహేశ్ సహకార పట్టణ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము అపహరణకు గురైంది. ఉద్యోగులకు పంపిన ఫిషింగ్ ఈమెయిళ్ళ ద్వారానే చొరబాటు జరిగిందని హైదరాబాదు పోలీసుల దర్యాప్తులో తేలింది. దారి అదే, సమయమూ వారాంతమే. సైబర్ భద్రతా నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. దొంగతనానికి గురైన సంస్థే జరిమానా కట్టవలసి రావడం, నిర్లక్ష్యాన్ని కూడా తప్పుగా లెక్కించే దశ ఆరంభమైందని సూచిస్తుంది.

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్లు రాన్సమ్‌వేర్ దాడికి లోనయ్యాయి. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం గుప్తరూపంలోకి మారింది. రోగుల నమోదు, పరీక్షల ఫలితాలు రోజుల తరబడి కాగితం, కలంతో నడిచాయి. అంతర్గత జాలవ్యవస్థను సరైన విభాగాలుగా వేరుచేయకపోవడం ఈ దాడికి కారణాలలో ఒకటని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ సమాచారాన్ని తిరిగి పొందగలిగారు. ఒక్క లోపం ఆసుపత్రిని స్తంభింపజేస్తే, ఒక్క జాగ్రత్త దాన్ని నిలబెట్టింది.

5. చట్టం నిర్దేశించే సమయపాలన:

2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 70బి సెక్షన్ కింద సెర్ట్-ఇన్ జాతీయ స్థాయి సంస్థగా పనిచేస్తున్నది. 2022 ఏప్రిల్ 28న అది ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నిర్దిష్ట సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. వ్యవస్థ కార్యకలాపాల నమోదులను 180 రోజుల పాటు భద్రపరచాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, వ్యక్తిగత సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానాను నిర్దేశించింది. ఆర్థిక మోసాలను వెంటనే తెలపడానికి 1930 సహాయ సంఖ్య ఉంది. సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు పారిపోయేలోగా ఆపడం దీని ఉద్దేశం.

బంగ్లాదేశ్ ఉదంతంలోని నెల రోజుల మౌనంతో పోల్చి చూస్తే ఈ 6 గంటల నియమం ప్రాముఖ్యం బోధపడుతుంది. అయితే, చిన్న ఉద్యోగి తన పైఅధికారికి భయపడి నోరు విప్పకపోతే ఆ 6 గంటలు మొదలే కావు.

6. అధిపతులు ఆచరించదగిన పద్ధతులు:

6.1 దోషారోపణకు ముందు సమాచారం: పొరపాటున లంకె నొక్కిన ఉద్యోగి వెంటనే చెబితే శిక్షించబోమని అధిపతి స్వయంగా ప్రకటించాలి. మెమో ఇస్తారన్న భయం ఉన్నచోట ఉద్యోగి కంప్యూటర్ ఆపేసి ఇంటికి వెళ్తాడు. దొంగకు ఒక రాత్రి దొరుకుతుంది. మిగిలిన అన్ని జాగ్రత్తలకూ ఈ విశ్వాసమే పునాది.

6.2 ఇద్దరి అనుమతి: నిర్ణీత మొత్తానికి మించిన ప్రతి చెల్లింపునూ ఇద్దరు వేర్వేరుగా ఆమోదించాలి. ఖాతా సంఖ్య మార్చమని సందేశం వస్తే, ఆ సందేశంలోని నంబరుకు గాక, ముందే తమ దగ్గర ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. ఈ నియమం నుంచి అధిపతికి కూడా మినహాయింపు ఉండరాదు. ‘సార్ చెప్పారు’ అన్న మాటే వేషధారులకు ఆయుధం.

6.3 ప్రవేశాధికారాల సమీక్ష: పాస్‌వర్డుతో పాటు రెండవ ధ్రువీకరణను తప్పనిసరి చేయాలి. బదిలీ అయినవారి, పదవీవిరమణ చేసినవారి ప్రవేశాధికారాలను అదే రోజు రద్దు చేయాలి.

6.4 ప్రతుల నిర్వహణ: ముఖ్య సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి మరొక చోట ఉంచడం అందరూ అంగీకరించిన పద్ధతి. వాటిలో ఒకటి జాలవ్యవస్థతో సంబంధం లేకుండా ఉండాలి. ఆ ప్రతి నుంచి సమాచారం నిజంగా తిరిగి వస్తుందో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

6.5 సెలవు రోజు ప్రణాళిక: శనివారం రాత్రి దాడి జరిగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, సర్వర్ ఆపే అధికారం ఎవరిది, సెర్ట్-ఇన్‌కు ఎవరు తెలపాలి అన్నవి ఒకే కాగితంపై రాసి ఉంచాలి. కంప్యూటర్లు పనిచేయని రోజున అవసరమయ్యే ప్రణాళిక కనుక అది ముద్రిత రూపంలోనే ఉండాలి.

7. భాష పాత్ర:

భద్రతా సూచనలు మన కార్యాలయాలకు ప్రధానంగా ఆంగ్లంలో వస్తాయి. సర్క్యులర్‌పై సంతకం చేసిన సిబ్బందిలో దానిని అర్థం చేసుకున్నవారు ఎందరన్నది వేరే ప్రశ్న. మోసగాడు మాత్రం బాధితుడికి అర్థమయ్యే భాషలోనే మాట్లాడతాడు. ‘ఫిషింగ్’ అన్న మాట చేపలవేటకు వాడే ఆంగ్లపదం నుంచే పుట్టింది. ‘గాలం వేయడం’ అన్న పలుకుబడి తెలుగులో అదే అర్థంలో ముందే ఉంది. “ఈ మెయిల్ గాలం కావచ్చు, కొరకవద్దు” అన్న హెచ్చరికకు వేరే వివరణ అక్కరలేదు. ఇటువంటి సూచనలను గుమాస్తాకు, క్యాషియర్‌కు, డేటా ఎంట్రీ ఉద్యోగికి తెలిసిన మాటల్లో రూపొందించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. విద్యార్థుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, మార్కులు భద్రపరిచే కళాశాలల ప్రిన్సిపాళ్ళు కూడా ఈ వ్యాసం ప్రస్తావించిన అధిపతుల కోవలోకే వస్తారు.

8. ముగింపు:

• పరిశీలించిన మూడు ఉదంతాలలోనూ నష్టానికి దారితీసినవి వ్యయం, నియమాల అమలు, వ్యవస్థల విభజన వంటి విషయాల్లో అధిపతుల స్థాయిలో తీసుకోవలసి ఉండి తీసుకోని నిర్ణయాలు.
• దాడి చేసేవారికి కావలసిన ప్రధాన వనరు సమయం. సెలవులు, భయం, మౌనం ఆ సమయాన్ని సమకూరుస్తాయి.
• 6 గంటల్లో తెలపాలన్న చట్టం సఫలం కావాలంటే, తప్పును దాచకుండా చెప్పగల వాతావరణం సంస్థలో ముందే ఉండాలి.
• హెచ్చరికలు పనిచేసేవారి భాషలో ఉన్నప్పుడే అవి రక్షణగా మారతాయి.

ఢాకాలో శుక్రవారం ఉదయం ప్రింటర్ ఆగినప్పుడు, దాన్ని అనుమానించి అర్ధరాత్రయినా పైఅధికారిని లేపే ధైర్యం, చొరవ ఒక్క ఉద్యోగికి ఉండి ఉంటే దర్యాప్తు మరింత ముందుగా మొదలయ్యేది. ఆ చొరవకు చోటు కల్పించడం ఏ యంత్రమూ చేయలేని పని, అధిపతి మాత్రమే చేయగలిగిన పని.