సంస్కరణ సంప్రదాయమున ఆరాధనా సిద్ధాంతము

16వ శతాబ్దియందు రోమను కాథలిక్ సంఘమునుండి వేఱుపడిన ప్రొటెస్టంటు లెల్లరు నొక్క మార్గమున నడచినవారు కారు. జర్మనీలో మార్టిన్ లూథరు ననుసరించినవా రొక శాఖ. స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరమున త్స్వింగ్లీని, జెనీవా నగరమున కాల్విన్‌ను అనుసరించినవారు వేఱొక శాఖ. ఈ రెండవదియే రిఫార్మ్డ్ లేక సంస్కరణ సంప్రదాయము. వీరి ఆరాధనమందిరమున ప్రతిమలు లేవు, ధూపము లేదు, బలిపీఠము లేదు. ఈ నిరాడంబరత కేవల మభిరుచివలన కలిగినది గాదనియు, ‘విధి’ని ఎట్లు గ్రహింపవలె నను ప్రశ్నయే దీనికి మూలమనియు నిరూపించుట మా యుద్దేశము.

మీమాంసాశాస్త్రము నెఱిగిన పాఠకులకు విధినిషేధముల విభాగము పరిచితమే. పవిత్రగ్రంథము విధించినది చేయవలెను, నిషేధించినది మానవలెను. ఇందు వివాదము లేదు. ఆ రెండును లేని అనుక్తవిషయముల గతి యేమి? నిషేధము లేనిచో ఉపయోగకరమగు నాచారమును నిలుపుకొనవచ్చునని లూథరు శాఖవారు తలంచిరి. దేవు డాజ్ఞాపింపని రీతిగ ఆయన నారాధింపరాదని సంస్కరణ శాఖవారు నిర్ణయించిరి. 1563లో వెలువడిన హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరి దశాజ్ఞలలో రెండవదానిని వివరించుచు నిట్లే చెప్పినది. 1646లో పూర్తియైన వెస్ట్‌మినిస్టరు విశ్వాసప్రకటన దీనిని విశదీకరించినది. ఈ కాఠిన్యమునకు హేతువులు రెండు. అపరిమితుడగు దేవుడు పరిమిత రూపమునం దిముడడు. మఱియు మానవుని మనస్సే యెడతెగక విగ్రహములను కల్పించునట్టిది. కావున భక్తితో కల్పించుకొన్న ఆచారమును సైతము శంకింపవలెనని కాల్విన్ మతము.

ఈ సూత్రము ననుసరించి గ్రంథపఠనము, ప్రసంగము, ప్రార్థన, బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము ఆరాధనాంగములైనవి. కాలము, స్థలము మున్నగునవి ఆనుషంగికములు. వానిని వివేకముచే నిర్ణయించుకొనవచ్చును. గానవిషయమున మాత్రము భేదము కలిగెను. త్స్వింగ్లీ స్వయముగ సంగీతజ్ఞుడయ్యు ఆరాధననుండి గానమును తొలగించెను. జ్యూరిక్‌లో సంఘగానము 1598లో గాని ప్రవేశింపలేదు. కాల్విన్ బైబిలునందలి కీర్తనలను ప్రజలచే పాడించెను. 1539లో స్ట్రాస్‌బర్గున నారంభమైన యీ ప్రయత్నము, క్లెమాం మారో, థియొడోర్ ద బేజ్ అనువారి ఫ్రెంచి పద్యానువాదములతో 1562 నాటికి 150 కీర్తనల సంపూర్ణ గ్రంథమయ్యెను. సాహిత్యవిద్యార్థు లిచట గమనింపదగిన దొకటి కలదు. హీబ్రూ కవితకు ప్రాణము భావముల సమాంతరత. అంత్యప్రాస దానికి నియమము కాదు. అనువాదకులు దానిని ప్రాసబద్ధములగు చరణములుగ మలచి రాగమునకు లొంగునట్లు చేసిరి. లాటిన్ గాయకబృందమునకు చెందిన పాట ఇట్లు ప్రజల సొంతభాషలో, వాద్యము లేకయే, ఏకకంఠముగ వినబడెను.

ప్రభురాత్రి భోజనమునందును రొట్టెలోనికి క్రీస్తు శరీరము దిగివచ్చునని కాల్విన్ అంగీకరింపలేదు; పరిశుద్ధాత్మచే విశ్వాసుల హృదయములే పైకెత్తబడి క్రీస్తుతో నైక్యము నొందునని బోధించెను. అందువలననే బలిపీఠమునకు బదులు బల్ల వచ్చినది.

ఈ చర్చ పండితులకే పరిమితమై యుండలేదు. 1637లో ఒకటవ చార్లెసు రాజు స్కాట్లండుపై నూతన ప్రార్థనాగ్రంథమును రుద్దబూనగా, ఎడింబరోలోని సెయింట్ జైల్స్ మందిరమున ప్రజలు తిరుగబడిరి. గ్రంథము విధింపనిదానిని ఆరాధనలో విధించు నధికారము రాజునకును లేదను తలంపు వారి ప్రతిఘటనకు బలమిచ్చెను. ఆరాధనను బంధించినట్లు తోచు సూత్రమే ఇచట అంతరాత్మకు రక్షయైనది. ఆ రక్షయే మఱికొన్నియెడల బంధమునైనది: వాద్యములును, కీర్తనలు కాని గీతములును తగునా యని యీ సంఘములు నేటికిని భేదించుచున్నవి. గ్రంథముయొక్క మౌనము అనుమతియా, నిషేధమా? ఈ ప్రశ్న నెఱిగిననే గాని, ఆ మందిరములందలి శూన్యతయు, అందు వినబడు గానమును మనకు బోధపడవు.