కొల్లేరు లెక్కకు పూచీ ఎవరిది?

కొల్లేరు సరస్సు విస్తీర్ణం ఎంత? ఏ గీత దాకా కొలిచామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. 1999లో ఎత్తును చూపే ఐదో కాంటూరు గీత వరకు అభయారణ్యంగా ప్రకటించినప్పుడు అది 308 చదరపు కిలోమీటర్లు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది 901. గీత కాస్త జరిగితే చాలు, ఒక చేపల చెరువు అభయారణ్యం లోపల పడుతుంది, లేదా బయట పడుతుంది. ఒక కుటుంబం బతుకుదెరువు ఆ తేడాలో ఉంది.

ఇలాంటి కొలతలకు ఉపగ్రహ చిత్రాలతో పాటు వాడే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. తాడేపల్లిగూడెం నిట్ విద్యార్థి అయినా, ఏలూరు సర్వేయర్ అయినా పైసా కట్టకుండా వాడుకోవచ్చు, కోడ్ చదవచ్చు, మార్చుకోవచ్చు. దాని లైసెన్సు 1991 నాటి జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) రెండో వెర్షన్. అందులో 11, 12 నిబంధనలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చట్టం ఒప్పుకున్నంత మేర ఈ ప్రోగ్రాముకు ఏ వారంటీ లేదు. లోపం తేలితే బాగుచేయించుకునే ఖర్చు మీదే. మీకు నష్టం జరిగితే రాసినవారు బాధ్యులు కారు. వారంటీ లేదన్న మాట కొట్టొచ్చినట్టు కనబడాలన్నది అమెరికా వాణిజ్య చట్టం నియమం. పెద్ద అక్షరాలు అందుకే.

చదివితే గుండె గుభేలుమంటుంది. కానీ 11వ నిబంధన కారణం చెప్పే మొదలవుతుంది: ఈ లైసెన్సుకు డబ్బు తీసుకోవడం లేదు గనుక. ఇది న్యాయమేనని నా అభిప్రాయం. ఊరికే పంచినవారి మీద దావాలు పడితే రేపు పంచేవారే ఉండరు. మన 1930 నాటి సరుకుల అమ్మకం చట్టమైనా నాణ్యత పూచీని ధర పుచ్చుకున్న అమ్మకానికే ముడిపెట్టింది. సాఫ్ట్‌వేర్ అసలు సరుకేనా అన్న వివాదం ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను నుంచే పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దుకాణంలో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకేనని టాటా కన్సల్టెన్సీ కేసులో 2004 నవంబరులో తీర్పు వచ్చింది.

పూచీ కావాలనుకునేవారికి దారి మూసేయలేదు. డబ్బు తీసుకుని వారంటీ ఇవ్వడానికి జీపీఎల్ మొదటి నిబంధనే అనుమతిస్తుంది. ఒక సంస్థ క్యూజీఐఎస్‌తో పటం గీసి ప్రభుత్వానికి అమ్మితే, ఆ పటానికి పూచీ ఆ ఒప్పందంలో రాయించుకోవచ్చు, రాయించుకోవాలి కూడా.

పైగా కొల్లేరు దగ్గర సాఫ్ట్‌వేర్ తప్పు చేయకపోయినా లెక్క తప్పవచ్చు. గుర్రపుడెక్క కమ్మిన నీరు ఉపగ్రహ చిత్రంలో పచ్చిక నేలలా కనబడుతుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగిన నెలలో తీసిన చిత్రానికీ, ఎండాకాలం చిత్రానికీ పొంతన ఉండదు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో అత్యంత సన్నని చుక్క నేల మీద 10 మీటర్ల చదరం. చెరువు గట్టు అందులో కలిసిపోవచ్చు. ఈ తప్పులను ఏ వారంటీ దిద్దదు. కోడ్ తెరిచి ఉంది కాబట్టి లెక్క కట్టిన పద్ధతిని మాత్రం ఎవరైనా మళ్లీ సరిచూడవచ్చు.

కొల్లేరు మీద పటం గీసేవారికి నా మనవి ఒకటే. ఏ నెల చిత్రం, ఏ కాంటూరు గీత, ఏ వెర్షన్ వాడారో పటం కిందే రాయండి. గట్టు మీదికెళ్లి సరిచూశాకే సంతకం పెట్టండి.