40 కిలోల పెట్టె, నాలుగు బోల్టులు

"సార్, మీ పెట్టె వచ్చింది. ఒక్కరే రాకండి, ఇంకో ఇద్దర్ని తెచ్చుకోండి" అని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కుర్రాడు ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా. కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్. అట్నుంచి మేనేజర్ ఏదో చెప్తున్నారు. నా బుర్రంతా కాశీబుగ్గ గోడౌన్‌లో దిగిన ఆ చెక్కపెట్టె మీదే ఉంది.

పెట్టెలో ఉన్నది మినీ లేత్. ఇనుము, ఇత్తడి లాంటి లోహాల్ని చెక్కే మిషన్. ఓ మంచి బైక్ ధర అయింది. ఆటోలోంచి దించి వరండాలో పెట్టేసరికి మా నాన్న ఒకటే అడిగారు, "ఇది తింటుందా, తిప్పుతుందా?" అని. మా పిన్ని ఇంకో అడుగు ముందుకేసింది. "ఏట్రా ఇది, కుట్టు మిషనేటి?"

అసలు ఇదంతా పిన్ని కోసమే మొదలైంది. పలాస జీడిపప్పు గురించి మీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ చాలా ఇళ్లలాగే పిన్ని వాళ్లింట్లోనూ రెండు కటింగ్ మిషన్లున్నాయి. ఆవిరి మీద ఉడికించి ఆరబెట్టిన జీడిపిక్కని రెండు బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో తొక్కి, చేత్తో లీవర్ లాగితే డొక్క రెండుగా విడిపోతుంది. పప్పు చెక్కుచెదరకుండా గుండుగా వస్తే మంచి రేటు. బద్దయితే తక్కువ, ముక్కయితే ఇంకా తక్కువ. ఒక మిషన్ లీవర్‌లో పిన్ను అరిగిపోయి, కన్నం కోడిగుడ్డులా సాగిపోయింది. బ్లేడు అటూ ఇటూ ఊగుతోంది. "గుండు రాట్లేదురా, అన్నీ బద్దలయిపోతన్నాయి" అని పిన్ని గోల. ఊళ్లో లేత్ షాపులు లేక కాదు. వాళ్ల దగ్గర ట్రాక్టర్ షాఫ్టులు, బోరు మోటార్లు క్యూలో ఉంటాయి. వేలెడంత పిన్ను, దానికో బుష్ అంటే "రేపు రండి" అంటారు. వాళ్ల తప్పు కూడా కాదు.

"నేనే చేసిస్తా పిన్నీ" అని మాటిచ్చేశా. ఇచ్చాక గానీ భయం వెయ్యలేదు.

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ బోలెడు మందిలో నేనొకణ్ని. కాలేజీలో లేత్‌ని ముట్టుకుంది నాలుగైదు సార్లు. బ్యాచ్‌కి ఎనిమిది మంది, మిషన్ ఒకటే. ఒకడు హ్యాండిల్ తిప్పుతుంటే ఏడుగురం చూసేవాళ్లం. రికార్డులో మాత్రం అందరం ఒకే బొమ్మ గీసేవాళ్లం.

తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా. డ్రిల్లింగ్ మిషన్‌లో టూల్ తిరుగుతుంది, వస్తువు కదలదు. లేత్‌లో రివర్స్. రాడ్ తిరుగుతుంది, టూల్ దాని పక్కన కుదురుగా నడుస్తూ పొరలు పొరలుగా చెక్కుతుంది. దీనికి తెలుగు మాట లేదనుకునేవాణ్ని. ఉంది... తరిమెన. బ్రౌన్ నిఘంటువులో కూడా కనిపిస్తుంది. మనకి దగ్గర్లోనే ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిప్పుతూ, లక్క రంగులద్దుతూ బొమ్మలు చేసేది ఈ పద్ధతిలోనే. 2017లో వాటికి జీఐ గుర్తింపు వచ్చింది. కర్ర అయితే ఉలి చేత్తో పట్టుకోవచ్చు. ఇనుము దగ్గర చెయ్యి ఆగదు. అందుకని టూల్‌ని గట్టిగా పట్టే స్లైడ్, దాన్ని లెక్కగా నడిపే మర స్క్రూ కావాలి. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే ఇవన్నీ ఒక్క మిషన్‌లో కుదిర్చి పేరు తెచ్చుకున్నాడు. నా వరండాలో ఉన్నది కూడా దాదాపు అదే. కాకపోతే స్పీడు మార్చడానికి ఒక నాబ్ ఉంది.

పెట్టె విప్పితే మిషనంతా ఎర్రటి జిగట గ్రీజు. సముద్రం మీద వచ్చేటప్పుడు తుప్పు పట్టకుండా పూస్తారు. దాంతోనే తిప్పేస్తే మిషన్ పాడవుతుంది. అందులో దుమ్ము, ఇనప రజను కూడా కలిసి ఉంటాయి. కిరోసిన్, పాత టూత్‌బ్రష్, అమ్మ ఇచ్చిన చిరిగిన చీర పట్టుకుని ఓ శనివారమంతా కూర్చున్నా. ఏ స్క్రూ ఎక్కణ్నుంచి తీశానో ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నా. తుడిచిన వెంటనే ఆయిల్ రాయాలి. మనది సముద్రపు గాలి, ఒక్క రాత్రి వదిలేస్తే పొద్దున్నకి ఎర్ర చుక్కలొచ్చేస్తాయి.

తర్వాత కరెంటు. మా వరండా సాకెట్‌లో మూడో కన్నం ఉంది. దాని వెనక వైరు లేదు! ఇన్నేళ్లూ అది అలంకారమే అన్నమాట. ఎలక్ట్రీషియన్ని పిలిచి పెరట్లో గొయ్యి తవ్వించి, ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ పెట్టించా. 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించా. మిషన్ ఒళ్లంతా ఇనుమే, మనం రెండు చేతులతోనూ పట్టుకునే ఉంటాం. దీంట్లో మిగిల్చే డబ్బు నిజంగా మిగిలినట్టు కాదు.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు చక్‌లో ఏమీ పెట్టలేదు. తక్కువ స్పీడులో పావుగంట, ఇంకొంచెం పెంచి పావుగంట తిప్పా. చెయ్యి పెట్టి బేరింగ్ దగ్గర వేడి చూశా. గోరువెచ్చగా ఉంది. అంతా బావుందనుకుని రాడ్ బిగించి తిప్పితే... రాడ్ తిరగడం లేదు, డ్యాన్స్ చేస్తోంది!

చెమటలు పట్టేశాయి. డబ్బంతా పోయిందనుకున్నా. అమ్మినవాళ్లకి పెట్టడానికి వీడియో కూడా తీసేశా. పంపేముందు ఎందుకో చక్ వైపు సరిగ్గా చూశా. రాడ్‌ని పట్టుకునే మూడు దవడలు ఉంటాయి కదా, వాటి మీద 1, 2, 3 అని నంబర్లు చెక్కి ఉన్నాయి. శుభ్రం చేయడానికి తీసి, తిరిగి పెట్టేటప్పుడు 1, 3, 2గా పెట్టేశా. మూడూ ఒకే వరస మర మీద నడుస్తాయి కాబట్టి వరస తప్పితే ఒకటి ముందు, ఒకటి వెనక ఉండిపోతాయి. వీడియో డిలీట్ చేశా.

ఆ సాయంత్రమే మా వీధి చివరి మేస్త్రి గారి దగ్గరికి వెళ్లా. విజయనగరం వైపు ఒక జూట్ మిల్లు వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు టర్నర్‌గా చేశారాయన. వచ్చి, మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, ముందు నావైపు చూశారు. లుంగీ, భుజం మీద తువ్వాలు.

"ముందు ఆ తువ్వాలు తీసీ. లుంగీ మార్చుకుని రా. మిషన్‌కి నువ్వెవరో తెలీదు బాబూ."

ప్యాంటు వేసుకుని వచ్చేసరికి చక్ కీని చక్‌లోంచి తీసి నా చేతిలో పెట్టారు. నేను అలాగే వదిలేశానన్నమాట. ఆ స్థితిలో స్విచ్ వేస్తే అది తుపాకి గుండులా ఎగిరొస్తుంది. కీ చక్‌లో ఉన్నంతసేపూ చెయ్యి కీ మీదే ఉండాలి, చెయ్యి తీస్తే కీ కూడా రావాలి. గ్లౌజులు కూడా వద్దన్నారు. గుడ్డని పట్టుకుంటే చేతినీ లాక్కుంటుంది. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

తర్వాత అసలు పరీక్ష. 25 మి.మీ. ఇనప రాడ్‌ని చక్‌లో బిగించి, 100 మి.మీ. బయటికి ఉంచాం. రెండు చివర్ల రెండు పట్టీలు వదిలి, మధ్యలో కొంచెం లోతుగా చెక్కేశాం. ఇప్పుడు టూల్‌ని కదపకుండా ఒకే సెట్టింగ్‌లో రెండు పట్టీల మీదా సన్నటి పొర తీయాలి. మిషన్ లైన్‌లో ఉంటే రెండూ ఒకే కొలత రావాలి. స్పీడు లెక్క కాలేజీదే గుర్తొచ్చింది. హెచ్ఎస్ఎస్ టూల్‌తో మామూలు ఇనుముకి నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, ఈ రాడ్‌కి దాదాపు 320 ఆర్‌పీఎం.

నా డిజిటల్ వర్నియర్ తీయబోతే మేస్త్రి గారు వద్దని, గుడ్డలో చుట్టిన తన మైక్రోమీటర్ తీశారు. మాడ్స్‌లే తన షాపులో ఒక కొలత పరికరం పెట్టుకుని దానికి 'లార్డ్ చాన్సలర్' అని పేరు పెట్టాడట. కొలతల తగువేదొచ్చినా దాని మాటే ఫైనల్. మా వరండాకి మేస్త్రి గారి మైక్రోమీటరే లార్డ్ చాన్సలర్.

చక్ పక్క పట్టీ 24.00. బయటి చివర 24.09.

0.09 అంటే ఎంత? ఓ తల వెంట్రుక మందమంత. పోనీలే అనిపిస్తుంది. కానీ పిన్నుకీ బుష్‌కీ మధ్య ఉండాల్సిన సందు అందులో నాలుగో వంతు కూడా కాదు.

"నట్లన్నీ బిగించీసినావేటి?"

"బిగించేశానండీ, గట్టిగా" అన్నా గొప్పగా.

"అదే తప్పు. వదులు సెయ్యి."

ఇక్కడే నాకు బుర్ర తిరిగింది. మిషన్ కదలకూడదని నాలుగు బోల్టులూ బలమంతా పెట్టి టేబుల్‌కి బిగించా. టేబుల్ మీది ప్లైవుడ్ కొంచెం మెలి తిరిగి ఉంది. బోల్టులు బిగిస్తుంటే మిషన్ బెడ్ కూడా ఆ మెలికే తిరిగింది. పోత ఇనుము వంగుతుందా అంటే, వంగుతుంది. కంటికి కనపడదు, మైక్రోమీటర్‌కి కనపడుతుంది. ఎంత గట్టిగా బిగిస్తే అంత తప్పు.

బోల్టులు వదులు చేసి, మళ్లీ సన్నపొర తీసి కొలిస్తే తేడా 0.04కి దిగింది. టెయిల్‌స్టాక్ వైపు ముందు కాలు కింద ఏదన్నా పల్చటి రేకు పెట్టమన్నారు. ఆ కాలు లేస్తే అటు చివర టూల్ రాడ్ వైపు ఒరుగుతుంది, లావుగా మిగిలిన చోట ఇంకాస్త చెక్కుతుంది. రేకు కోసం వెతుకుతుంటే మా తమ్ముడు తాగి పడేసిన కూల్‌డ్రింక్ డబ్బా కనిపించింది. దాని గోడ మందం సుమారు 0.1 మి.మీ. కత్తెరతో ముక్క కోసి పెట్టి, బోల్టులు చేతి బిగువు వరకే బిగించాం. ఈసారి 0.01. రాత్రి తొమ్మిదిన్నరైంది, అమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచింది.

టూల్ ఎత్తు చూడ్డానికి ఆయన నేర్పిన చిట్కా ఒకటి చెప్పి తీరాలి. మిషన్ ఆపి, రాడ్‌కీ టూల్ మొనకీ మధ్య స్టీలు స్కేలుని మెల్లగా నొక్కి పట్టాలి. స్కేలు నిటారుగా నిలబడితే మొన సరిగ్గా సెంటర్‌లో ఉన్నట్టు. పైభాగం మనవైపు వాలినా, అటు వాలినా ఎత్తు తేడా ఉన్నట్టే. పైసా ఖర్చు లేదు.

వారం తర్వాత పిన్ని పని పట్టుకున్నా. లీవర్‌లో సాగిన కన్నాన్ని వెల్డింగ్ షాపులో 16 మి.మీ.కి గుండ్రంగా వేయించా. అందులో గన్ మెటల్ బుష్ దూర్చి, బుష్‌లో 12 మి.మీ. పిన్ను ఆడాలి. మొదటి బుష్ పాడు చేశా. 0.1 తగ్గాలని హ్యాండిల్ 0.1 తిప్పా. టూల్ ఒక పక్కనుంచి 0.1 చెక్కితే, రాడ్ తిరుగుతోంది కాబట్టి చుట్టూ పోతుంది, మొత్తం 0.2 తగ్గుతుంది. కాలేజీలో ఈ ప్రశ్నకి మార్కులు కూడా వచ్చాయి నాకు! కన్నంలో వేస్తే గాజుల పెట్టెలో గాజులా గలగలలాడింది. గన్ మెటల్ చవక కాదు, ఆ ముక్క ఇప్పుడు నా టేబుల్ మీద పేపర్ వెయిట్.

రెండోది నిదానంగా చేశా. బయటి కొలత 16.02. బెంచ్ వైస్‌లో పెట్టి నొక్కితే మూలుగుతూ లోపలికెళ్లింది. నొక్కాక లోపలి కన్నం కాస్త బిగుసుకుంటుంది. అందుకే 12 మి.మీ. రీమర్ చివర్లో దూర్చాలి, ముందు కాదు. పిన్ను 11.98. నూనె రాసి పెడితే తనంతట తాను నెమ్మదిగా జారింది. ఆ జారడం చూడ్డానికి పదిసార్లు తీసి పెట్టా, అబద్ధమెందుకు.

పిన్ని మాత్రం పిన్నుని చూడనే లేదు. డొక్కలోని జీడి చేతులు కాలుస్తుంది కాబట్టి నూనె రాసుకుని కూర్చుంది. పిక్క పెట్టింది, తొక్కింది, లీవర్ లాగింది. గుండు. రెండోదీ గుండే. మూడోది రెండు బద్దలైంది. నా మొహం చూసి, "అది పిక్కే పాడు లేరా" అంది. ఆ గంటలో ఎన్ని గుండ్లో, ఎన్ని బద్దలో నేను పక్కన కూర్చుని లెక్కపెడుతుంటే విసుక్కుంది. ముందటి కంటే బద్దలు బాగా తగ్గాయని సాయంత్రం తనే చెప్పింది. చెప్పి, రెండో మిషన్ లీవర్ పట్టుకుని ఊపి చూపించింది. "దీనికెప్పుడు మరి?"

కూల్‌డ్రింక్ డబ్బా ముక్క ఇంకా మిషన్ కాలి కిందే ఉంది. వానలు పడితే ప్లైవుడ్ ఉబ్బుతుంది, మళ్లీ కొలవాలన్నారు మేస్త్రి గారు. నిన్న రాత్రి గట్టి వానే పడింది. ఆదివారం ఆ రాడ్ మళ్లీ బిగించి చూడాలి.