మీకు తెలుసా? ముల్లు గ్రుచ్చుకొన్నచోట వాపు ఎందులకు?

బస్తరు దక్షిణపుటంచున, తెలుగును కోయయు కలసి వినవచ్చు మరైగూడ పరిసరారణ్యములలో, వేసవిని తునికాకు కోయబోయినవాని అరికాలిలో ముల్లు విరిగినచో, మఱునాటికి ఆ చోటు ఎఱ్ఱనై, వేడెక్కి, ఉబ్బి, అడుగు మోపనీయక సలుపుచుండును. ఆ వాపును పిలుచువానిలో ముఖ్యమైనది మన రక్తమందే యున్నది.

రక్తరసమున నిద్రాణస్థితిలో సంచరించు ‘కాంప్లిమెంట్’ అను ప్రోటీనుల సముదాయము, ముల్లు వెంట చొచ్చిన సూక్ష్మజీవి తగిలినంతనే, ఒకటి మఱియొకదానిని ఖండించి మేల్కొల్పుచు సాగును. వీనిలో ప్రధానమైన సీ3, లీటరు రక్తరసమునకు సుమారు 1 గ్రాము చొప్పున ఉండి, రెండుగా చీలినప్పుడు, పెద్దతునక సూక్ష్మజీవికి అంటుకొని భక్షకకణములకు ఆనవాలగును; చిన్నతునకయు, సీ5 నుండి విడివడిన సీ5ఎ అను తునకయు మాస్టు కణములనుండి హిస్టమినును వెడలించి, సన్నని రక్తనాళముల గోడలను సడలింపగా, ద్రవము కండలోనికి ఊరి వాపు పొంగును. సీ5ఎ అంతటితో నిలువక తెల్లకణములను ఆ చోటికి ఆకర్షించును. తుదకు సీ5 మొదలు సీ9 వఱకు గల ప్రోటీనులు కూడి కొన్ని సూక్ష్మజీవుల పైపొరలో రంధ్రములు పొడుచును. ఎంత అద్భుతమైన కూర్పు!

రక్తరసమును 56 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట కాచినచో ఈ శక్తి నశించును. దీనిని శోధించిన బెల్జియము శాస్త్రజ్ఞుడు జూల్ బోర్డే 1919 సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందెను. మన అడవుల నాగుపాముజాతి విషమందు సీ3ను పోలిన ప్రోటీను ఒకటి కలదు. అది కాంప్లిమెంటును ఆపులేక రగిల్చి, సీ3 నిలువను హరించివేయును.